రక్తపిశాచి ఎంత దూరంలో ఉండాలి?

ప్రశ్న: మా ఇంట్లో అందరికీ పుస్తకాలు చదివే అలవాటు ఉంది. కానీ ఒకరికి నచ్చింది ఇంకొకరికి నచ్చదు. నేను వారపత్రికల్లో సీరియల్స్ చదువుతూ పెరిగినదాన్ని. 'తులసిదళం' చదివిన రోజుల్లో చీకటి పడ్డాక ఒంటరిగా పెరట్లోకి వెళ్లేదాన్ని కాదు. మళ్లీ అలాంటి భయం కావాలనిపించి ఈమధ్య ఇంగ్లిష్‌లో 'డ్రాక్యులా' కొన్నాను. మొదట్లో ఊపిరి బిగబట్టి చదివాను, సగానికి వచ్చేసరికి విసుగొచ్చి పక్కన పెట్టేశాను. రక్తం ఏరులై పారే కథలు నాకు పడవు. పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి 'ట్వైలైట్' కొనివ్వమంటోంది, ఇవ్వచ్చో లేదో అని టెన్షన్‌గా ఉంది. మా తమ్ముడు దయ్యం అనగానే నవ్వేస్తాడు, సైన్స్ ఉంటేనే ముట్టుకుంటాడు. నాన్నగారు హిస్టరీ లెక్చరర్‌గా రిటైరయ్యారు. మా తోటికోడలికి కళ్లనీళ్లు పెట్టించే కథలు కావాలి. తొమ్మిదేళ్ల మా బాబు కూడా "నాకూ వాంపైర్ కథ కావాలి" అంటున్నాడు. ఎవరికి ఏది ఇవ్వమంటారు?
ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: ముందు మీరు సగంలో ఆపేసిన పుస్తకం సంగతి చూద్దాం. మీకు ఎలాంటి భయం కావాలో అదే చెబుతోంది.

బ్రామ్ స్టోకర్ 1897లో రాసిన 'డ్రాక్యులా'లో మొదటి నాలుగు అధ్యాయాలు జోనథన్ హార్కర్ అనే కుర్ర లాయరు డైరీ. ఇల్లు కొనుగోలు కాగితాల పని మీద అతను ట్రాన్సిల్వేనియాలో ఒక కోటకి వెళతాడు. తాను ఆ ఇంట్లో అతిథి కాదు, ఖైదీ అని కొంచెం కొంచెంగా తెలుసుకుంటాడు. ఒక రాత్రి కిటికీలోంచి చూస్తే కోట యజమాని డ్రాక్యులా గోడ పట్టుకుని తలకిందులుగా బల్లిలా పాకుతూ దిగుతుంటాడు. మీరు ఊపిరి బిగబట్టింది ఇక్కడే అయి ఉంటుంది. ఆ తర్వాత కథ ఇంగ్లండ్‌కి మారుతుంది. అక్కడి నుంచి డ్రాక్యులా మనకి కనిపించేదే చాలా తక్కువ. ఉత్తరాలు, డైరీలు, టెలిగ్రాములు, పేపర్ కటింగులు వస్తాయి. లూసీ అనే అమ్మాయికి ఒకరి తర్వాత ఒకరు నలుగురు మగవాళ్లు రక్తం ఇస్తారు. విట్బీ రేవులో ఒక ముసలాయన యార్క్‌షైర్ యాసలో పేజీలకి పేజీలు మాట్లాడతాడు, అది ఇంగ్లిష్ వాళ్లకే సరిగ్గా అర్థం కాదు. లూసీకి వైద్యం చేయడానికి వచ్చిన డచ్ ప్రొఫెసర్ వాన్ హెల్సింగ్ మాట్లాడే ఇంగ్లిష్ కూడా వంకరటింకరగానే ఉంటుంది. చాలామంది ఈ మధ్యభాగంలోనే ఆగిపోతారు. మీ పఠనశక్తిలో లోపమేమీ లేదు.

ఒక్క పని చేయండి. ఏడో అధ్యాయం తెరిచి, అందులో 'డిమీటర్' అనే ఓడ కెప్టెన్ రాసిన లాగ్, అంటే ఓడ దినచర్య, ఒక్కటి చదవండి. ఓడలో మనుషులు ఒక్కొక్కరే మాయమవుతుంటారు, కెప్టెన్ మాత్రం విధిగా తేదీ వేసి రాస్తూ ఉంటాడు. విడిగా చదివినా అది పూర్తి కథలాగే ఉంటుంది. మొత్తం నవల మీద మళ్లీ మనసు పోతే తేదీలు పట్టుకుని చదవండి. కథ మే 3న మొదలై నవంబర్ 6తో ముగుస్తుంది. ఏ రోజు డైరీ ఆ రోజే చదువుకుంటే, ఒకేసారి ముందేసుకుంటే బరువనిపించిన ఆ మధ్యభాగం అంత భారంగా ఉండదు.

ఇక అసలు విషయం. వాంపైర్ నవలలన్నిటినీ ఒకే అరలో పెట్టి అమ్ముతారు కాబట్టి అవన్నీ ఒకే రకం అనుకుంటాం. నేను పుస్తకం ఎంచేటప్పుడు అందులో కోరలున్నాయా, రక్తముందా అని చూడను. రక్తపిశాచి చదివేవాళ్లకి ఎంత దూరంలో ఉందో చూస్తాను. ఎక్కడో కొండల మీది కోటలో ఉందా? అతిథిగా ఇంట్లోకి వచ్చిందా? రాత్రయ్యాక తలుపు బయట నిలబడి పిలుస్తోందా? లేక కథ చెబుతున్న 'నేను' అనేదే రక్తపిశాచా? ఈ దూరం మారితే పుస్తకం జాతే మారిపోతుంది. ఒకరికి భయం ఇంటికి దూరంగా ఉంటేనే సరదా. ఇంకొకరికి అది పక్క గదిలోకి వచ్చేదాకా భయమే అనిపించదు.

మీరు రెండో రకం. 'తులసిదళం'లో భయం స్మశానంలో లేదు. ఒక మామూలు ఇంట్లో ఆడుకునే పసిపిల్ల మీద కాష్మోరా ప్రయోగించడంలో ఉంది. ఇంటి గడప దాటి వచ్చే కీడు మీకు కావాలి. అందుకే హార్కర్ కోటలో ఇరుక్కున్నంతసేపూ మీకు బాగుంది. వేటగాళ్లు గుంపుగా చేరి ప్లాన్లు వేయడం మొదలుపెట్టగానే మీ ఉత్సాహం చల్లారింది.

మీరు చదవాల్సింది 'కార్మిల్లా'. ఐర్లండ్ రచయిత షెరిడన్ లెఫాన్యూ దీన్ని రాశారు. మొదట పత్రికలో సీరియల్‌గా వచ్చి, 1872లో పుస్తకంలో చేరింది. అంటే 'డ్రాక్యులా' కంటే పాతికేళ్లు ముందు. ఆస్ట్రియాలోని స్టిరియా అడవుల మధ్య ఒక పాత కోటలో లారా అనే అమ్మాయి తండ్రితో ఉంటుంది. తోడుగా ఆ వయసు పిల్లలెవరూ లేరు. ఒక సాయంత్రం వాళ్ల ఇంటి ముందే గుర్రబ్బండి బోల్తా పడుతుంది. అందులోని అమ్మాయిని, ఆరోగ్యం కుదుటపడేదాకా మీ దగ్గర ఉంచుకోండి అని అప్పగించి, ఆమె తల్లి హడావుడిగా వెళ్లిపోతుంది. వచ్చిన అమ్మాయి చాలా అందగత్తె. మధ్యాహ్నం దాటితే గాని గది నుంచి బయటికి రాదు. లారాని గాఢంగా ప్రేమిస్తుంది. చుట్టుపక్కల ఊళ్లలో ఆడపిల్లలు ఒక్కొక్కరే జబ్బుపడి చనిపోతుంటారు. ఎవరు ఎవరో చదివేవాళ్లకి త్వరలోనే తెలిసిపోతుంది, అయినా భయం తగ్గదు. లారాకి ఆమె అంటే ఇష్టం, ఆ ఇష్టంలోనే ఏదో ఏవగింపు కూడా ఉంది. ఆ రెండూ కలిసే చోటునే లెఫాన్యూ వదలకుండా పట్టుకున్నాడు. నా మటుకు నాకు ఇది 'డ్రాక్యులా' కంటే పై మెట్టు రచన. చిన్న చిన్న అధ్యాయాలు, వంద పేజీల చిల్లర. రక్తం దాదాపు కనపడదు.

అది నచ్చితే సూసన్ హిల్ 1983లో రాసిన 'ది ఉమన్ ఇన్ బ్లాక్' తీసుకోండి. ఇందులో రక్తపిశాచి లేదు, దయ్యం ఉంది. సముద్రపు పోటు వచ్చినప్పుడల్లా దారి మునిగిపోయే ఇల్లు. చనిపోయిన ముసలావిడ కాగితాలు సర్దడానికి వెళ్లిన ఒక లాయరు అందులో ఒంటరిగా రాత్రి గడపాలి. మూసి ఉన్న గదిలోంచి ఏదో చప్పుడు వస్తూ ఉంటుంది. ఒక్క రక్తపు చుక్క లేకుండా ఇంత భయపెట్టిన నవలలు తక్కువ. ఒక మాట మాత్రం ముందే చెప్పాలి. ఇందులో కష్టమంతా చిన్నపిల్లల చావు చుట్టూ తిరుగుతుంది, ముగింపు కూడా దయలేనిదే. తల్లిగా అది మీకు భారంగా అనిపించవచ్చు. మనసు బాగున్న రోజుల్లోనే మొదలుపెట్టండి.

ఇక మీ అమ్మాయి. కొనివ్వండి. నిస్సంకోచంగా చెబుతున్నాను. స్నేహితులంతా చదివేస్తుంటే మీరు వద్దన్న పుస్తకం ఏదో ఒక ఫోన్‌లో పీడీఎఫ్‌గా ఎలాగూ చేరుతుంది. అప్పుడు దాని గురించి మీతో మాట్లాడదు. ఆ నష్టం పుస్తకం వల్ల వచ్చే నష్టం కంటే పెద్దది.

స్టెఫనీ మేయర్ 2005లో రాసిన 'ట్వైలైట్'లో దూరం పూర్తిగా చెరిగిపోయింది. రక్తపిశాచి ఇక్కడ ప్రేమికుడు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో, ఎప్పుడూ ముసురు పట్టి ఉండే ఫోర్క్స్ అనే చిన్న ఊరికి బెల్లా వస్తుంది. తనలో ప్రత్యేకతేమీ లేదని ఆమె నమ్మకం. అందరికంటే అందగాడైన ఎడ్వర్డ్ ఆమెనే చూస్తాడు. అతను పుట్టింది 1901లో, కనిపించేది పదిహేడేళ్ల కుర్రాడిలా. ఆమె రక్తం వాసన అతన్ని పిచ్చెక్కిస్తుంది, అయినా ముట్టకుండా తనని తాను అదుపులో పెట్టుకుంటాడు. అతని కుటుంబం జంతువుల రక్తం తాగి బతుకుతూ, తమని తాము సరదాగా శాకాహారులమని చెప్పుకుంటుంది. పదిహేనేళ్ల పిల్లకి ఇందులో ఏం నచ్చుతుందో మనం చులకన చేయకూడదు. తనని ఎవరూ పట్టించుకోరనుకునే వయసులో ఒకరు తననే చూడటం, చూస్తూ కూడా హద్దు దాటకపోవడం. ఆ కోరికని ఈ పుస్తకం బాగా పట్టుకుంది.

అదే పుస్తకంలో ఇబ్బంది పెట్టేవీ ఉన్నాయి. బెల్లాకి తెలియకుండా ఎడ్వర్డ్ రాత్రుళ్లు ఆమె గదిలోకి వచ్చి నిద్రపోతుంటే చూస్తూ ఉంటాడు. రెండో పుస్తకం 'న్యూ మూన్' (2006)లో అతను వదిలి వెళ్లిపోతే నెలల తరబడి ఆమె జీవితంలో ఏమీ ఉండదు. అక్టోబర్, నవంబర్, డిసెంబర్, జనవరి అని నెలల పేర్లు మాత్రమే వేసి పేజీలు ఖాళీగా వదిలేసింది రచయిత్రి. తర్వాత అతని గొంతు చెవిలో వినిపిస్తుందని బెల్లా కావాలనే ప్రమాదాలు కొనితెచ్చుకుంటుంది, కొండ చరియ మీద నుంచి సముద్రంలోకి కూడా దూకుతుంది. ఇక్కడే మీరు పక్కన ఉండాలి. పాఠం చెప్పద్దు. మీరూ అదే వారం చదవండి. "నువ్వు నిద్రపోతుంటే ఎవరో చెప్పకుండా వచ్చి చూస్తున్నారని తెలిస్తే నీకెలా ఉంటుంది?" అని మామూలుగా అడగండి. జవాబు తనే చెబుతుంది, కొన్నిసార్లు మనం ఊహించినదానికంటే తెలివిగా చెబుతుంది. నాలుగో పుస్తకం 'బ్రేకింగ్ డాన్' (2008)లో పెళ్లి, గర్భం, ఒళ్లు గగుర్పొడిచే కాన్పు ఉన్నాయి. అది ఇంకో ఏడాదో రెండేళ్లో ఆగచ్చు. అందుకని నాలుగూ కలిపి సెట్‌గా కొనకండి.

మీ తమ్ముడు ఈ పుస్తకం చూసి తప్పకుండా ఏడిపిస్తాడు. ఇందులో వాంపైర్లు ఎండలోకి వస్తే కాలిపోరు, ఒళ్లు తళతళ మెరుస్తుంది. అసలైన వాంపైర్ అలా మెరవదని గొడవపడేవాళ్లు చాలామంది. మీ అమ్మాయికి ఒక సంగతి చెప్పి ఉంచండి. స్టోకర్ నవలలో డ్రాక్యులా పట్టపగలు లండన్ వీధుల్లో తిరుగుతాడు. ఎండ తగిలితే చచ్చిపోవాలన్న నియమం 1922లో వచ్చిన జర్మన్ మూకీ చిత్రం 'నొస్‌ఫెరాటు'తో స్థిరపడింది. నియమాలు ఎవరి పుస్తకంలో వాళ్లవే.

ఇక్కడే ఒక హెచ్చరిక. స్వీడన్ రచయిత యోన్ అయ్‌విదె లిండ్‌క్విస్ట్ 2004లో రాసిన నవల ఒకటుంది, ఇంగ్లిష్‌లో 'లెట్ ద రైట్ వన్ ఇన్'. స్టాక్‌హోమ్ శివార్లలో 1981లో జరిగే కథ. పన్నెండేళ్ల కుర్రాడు, పక్క ఫ్లాట్‌లోకి కొత్తగా వచ్చిన మరో పిల్ల. ఈ పరిచయం వినగానే పిల్లల పుస్తకం అనిపిస్తుంది. ఎంతమాత్రం కాదు. పిల్లల మీద జరిగే లైంగిక హింస ఇందులో ఉంది, హింస పచ్చిగా ఉంటుంది. రచనగా గొప్పదే. మీ అమ్మాయికీ వద్దు, మీరు చెప్పినదాన్ని బట్టి మీకూ వద్దు.

మీ తమ్ముడికి రెండు పుస్తకాలు. మొదటిది కథే కాదు. పాల్ బార్బర్ అనే జానపద పరిశోధకుడు 1988లో రాసిన 'వాంపైర్స్, బరియల్ అండ్ డెత్'. పాతిపెట్టిన శవంలో గ్యాస్ నిండి పొట్ట ఉబ్బుతుంది, ఎర్రటి ద్రవం నోట్లోంచి బయటికి వస్తుంది, చర్మం ముడుచుకుపోవడంతో గోళ్లు పెరిగినట్టు కనిపిస్తాయి. సమాధి తవ్వి చూసిన పల్లె జనానికి బాగా తిని బలిసిన శవం, పెదాల మీద రక్తం కనిపించాయి. ఊళ్లో అంటువ్యాధితో వరసగా చావులు జరుగుతుంటే మొదట పోయినవాడి మీదే అనుమానం పడేది. ఇలా ఒక్కో నమ్మకం వెనక ఉన్న శరీరశాస్త్రాన్ని విప్పి చెబుతాడు. ఇది చదివాక మీ తమ్ముడు నవ్వడు, ఆసక్తిగా వింటాడు. అప్పుడు రిచర్డ్ మాథెసన్ 1954లో రాసిన 'ఐ యామ్ లెజెండ్' చేతికివ్వండి. లాస్ ఏంజిల్స్‌లో మిగిలిన మనిషి ఒక్కడే, తతిమ్మా అందరూ రక్తపిశాచులైపోయారు. పగలు అతను వాళ్లని వేటాడతాడు, రాత్రి తలుపులకి చెక్కలు కొట్టుకుని లోపల కూర్చుంటాడు. బయట పాత పొరుగువాడు పేరు పెట్టి పిలుస్తూ ఉంటాడు. పిచ్చెక్కకుండా ఉండటానికి అతను మైక్రోస్కోపు సంపాదించి, లైబ్రరీ పుస్తకాలతో చదువుకుని, వెల్లుల్లి ఎందుకు పనిచేస్తుందో, దీనంతటికీ ఏ బాక్టీరియా కారణమో వెతకడం మొదలుపెడతాడు. సైన్స్ కోసం మొదలుపెట్టినవాళ్లని ఆ ఒంటరితనం పట్టేస్తుంది, ముఖ్యంగా కుక్క వచ్చే చోట. 2007 సినిమా చూసి ఉంటే ముగింపు తెలుసనుకోవద్దని చెప్పండి. పుస్తకం ముగింపు వేరు, చాలా మేలు.

నాన్నగారికి ఎలిజబెత్ కొస్తోవా 2005లో రాసిన 'ది హిస్టారియన్'. ఒక అమ్మాయికి తండ్రి గదిలో పాత పుస్తకం దొరుకుతుంది. పేజీలన్నీ ఖాళీ, మధ్యలో ఒక్క డ్రాగన్ బొమ్మ. అక్కడి నుంచి మూడు తరాల చరిత్రకారులు ఆర్కైవ్‌లలో, ఇస్తాంబుల్, బుడాపెస్ట్, బల్గేరియా మఠాలలో డ్రాక్యులా అని పేరుపడ్డ వ్లాద్ సమాధి కోసం వెతుకుతారు. వ్లాద్ పదిహేనో శతాబ్దంలో, ఇప్పటి రుమేనియాలో ఉన్న వలేకియాని నిజంగా పాలించినవాడే. ఆరొందల పేజీలు దాటే పుస్తకం, చివరికి వచ్చేసరికి పట్టు సడలుతుంది. పాత కాగితాల మీద ప్రేమ ఉన్నవాళ్లకి అది పెద్ద లోటు కాదు. చదివేటప్పుడు ఆయనకి ఒక నిజ చరిత్ర కూడా చెప్పండి. 1732లో ఆస్ట్రియా సైన్యపు వైద్యులు సెర్బియాలో ఒక పల్లెలో సమాధులు తవ్వించి, రక్తపిశాచుల మీద అధికారిక నివేదిక రాసి సంతకాలు పెట్టారు. 1755లో మహారాణి మరియా థెరెసా తన వైద్యుడు వాన్ స్వీటెన్ ద్వారా విచారణ జరిపించి, ఇలా శవాలు తవ్వి తగలబెట్టడాన్ని నిషేధించింది. రిటైరైన హిస్టరీ లెక్చరర్ ఇంతటితో ఊరుకోరు.

మీ తోటికోడలికి ఆన్ రైస్ 1976లో రాసిన 'ఇంటర్వ్యూ విత్ ద వాంపైర్'. ఇందులో కథ చెప్పేవాడే రక్తపిశాచి. లూయీ అనే అతను శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక గదిలో కూర్చుని, కుర్ర విలేఖరికి ఒక్క రాత్రిలో తన రెండొందల ఏళ్ల బతుకు చెబుతాడు. చావు లేకపోవడం ఎంత పెద్ద శిక్షో పేజీ పేజీకి తెలుస్తుంది. ఐదేళ్ల క్లాడియాని రక్తపిశాచిగా మార్చేస్తారు. ఆమె మనసు ఎదిగి ఆడమనిషి అవుతుంది, ఒళ్లు మాత్రం ఐదేళ్ల దగ్గరే ఆగిపోతుంది. రచయిత్రి తన కూతురిని 1972లో ల్యుకేమియాతో పోగొట్టుకుంది. ఆ పాపకి ఆరేళ్లు కూడా నిండలేదు. క్లాడియా వచ్చే పేజీలు చదివేటప్పుడు ఆ సంగతి తెలిసి ఉంటే కళ్లు తడవకుండా ఉండవు. ఇంట్లో ఈమధ్యే ఎవరినైనా పోగొట్టుకుని ఉంటే మాత్రం కొన్నాళ్లు ఆగి ఇవ్వండి.

బాబుకి 'బనిక్యులా' (1979). డెబొరా, జేమ్స్ హౌ దంపతులు రాసిన చిన్న పుస్తకం. ఒక ఇంటికి కుందేలు పిల్ల వస్తుంది. మర్నాటి నుంచి వంటింట్లో కూరగాయలు తెల్లగా పాలిపోయి కనిపిస్తుంటాయి, ఎవరో రసం పీల్చేసినట్టు. ఇంట్లో పిల్లికి అనుమానం. కథంతా చెప్పేది కుక్క. రాత్రిపూట మీరు ఇంగ్లిష్‌లో చదివి తెలుగులో చెప్పినా చక్కగా నడుస్తుంది. దానితోపాటు బేతాళ కథలు కూడా వాడి చేతిలో పెట్టండి. చెట్టుకి వేలాడే శవంలోంచి మాట్లాడే బేతాళుడికి రక్తంతో పనిలేదు, ప్రశ్న వేస్తాడు. తొమ్మిదేళ్ల పిల్లలు ఆ జవాబు కోసం మనకంటే ఎక్కువ పట్టుపడతారు.

డబ్బు సంగతి కూడా చూసుకోవాలి కదా. 'కార్మిల్లా', 'డ్రాక్యులా' రెండింటికీ కాపీరైట్ కాలం ఎప్పుడో అయిపోయింది. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా, చట్టబద్ధంగా దొరుకుతాయి. 'కార్మిల్లా' ఈ రాత్రే ఫోన్‌లో మొదలుపెట్టవచ్చు. కొనాల్సినవాటిలో ముందు 'ట్వైలైట్' మొదటి భాగం ఒక్కటి, బాబు పుస్తకం కొనండి. మీ తమ్ముడికి 'ఐ యామ్ లెజెండ్' చాలా చిన్నది కాబట్టి దానితోనే మొదలుపెట్టినా సరే. నాన్నగారి పుస్తకం లావుది, అచ్చు చిన్నగా ఉంటుంది. కిండిల్‌లో అక్షరాలు పెద్దవి చేసుకునే వీలుంది కాబట్టి ఆయనకి అదే హాయి.